‘రిఫ్లెక్స్’ కెమెరాకి తెలుగు మాట ఏది?

ప్రశ్న: పాత ఫిల్ము కెమెరాల వాడకం మీద ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. నిఘంటువులో ‘రిఫ్లెక్స్’ అంటే ప్రతీకార చర్య అని ఉంది. ‘జంట కటకాల ప్రతీకార కెమెరా’ అనొచ్చా? ‘గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది’ అని రాశాను, అదీ చూసి చెప్పండి.

జవాబు: ప్రతీకారం ఎవరి మీదండీ! అది జీవశాస్త్రం పుస్తకంలో మాట: వేడి గిన్నె తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి రావడం. ఇక్కడి రిఫ్లెక్స్ కాంతి పాఠంలోది, పరావర్తనం. 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్ అనే జంట లెన్సుల కెమెరా పేరు చివరి ‘ఫ్లెక్స్’ కూడా అదే. ఇందులో లెన్సులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పై లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది, అది వెలుగుని పైనున్న గరుకు గాజు మీదికి మళ్ళిస్తుంది. షట్టరూ ఫిల్మూ కింది లెన్సువి. అద్దం కదలదు కాబట్టి మీట నొక్కిన క్షణంలో కూడా బొమ్మ మాయం కాదు.

‘తలకిందులు’ తీసేయండి. లెన్సు తిప్పేసిన పైకిందుల్ని అద్దం మళ్ళీ సరిచేస్తుంది, కుడిఎడమలే తారుమారుగా మిగులుతాయి. ఎడమ భుజం మీద పైట వేసుకున్నావిడ గాజు మీద కుడి భుజాన వేసుకున్నట్టు కనిపిస్తుంది, ప్రింటులో మాత్రం సరిగ్గానే వస్తుంది. దీనికి పాఠ్యపుస్తకాల్లో చక్కటి మాట ఉంది, పార్శ్వవిలోమం.

మరో జవాబు: ఆ మాట రాసి ఊరుకోకండి, ఏం చేయాలో కూడా రాయండి. మనిషి గాజులో ఎడమ అంచుకి జరిగితే కెమెరాని కుడివైపు తిప్పాలి. కొత్తవాళ్ళు బొమ్మ ఉన్న వైపే తిప్పుతారు, మనిషి చట్రంలోంచే పోతాడు.

‘పారలాక్స్’కి, అంటే రెండు లెన్సులూ వేర్వేరు చోట్ల నుంచి చూడటం వల్ల వచ్చే తేడాకి, ఏం రాశారు? ‘దృష్టి విక్షేపం’ ఉంది గానీ, అది ఒక్కటే రాస్తే ఫొటో తీసేవాడికి ఏం అర్థమవుతుంది? రెండు లెన్సుల మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. లెన్సుకి మీటరు దూరంలో, 75 మి.మీ. లెన్సుతో చదరపు చట్రంలో పట్టేది ఇంచుమించు 70 సెం.మీ. ఫిల్ముకి ఎక్కేది గాజులో చూసినదానికంటే ఆ నాలుగైదు సెంటీమీటర్లు కిందిది, అందుకే దగ్గరి ఫొటోల్లో తలలు తెగుతాయి. స్టాండు మీద ఫోకస్ చేశాక, లెన్సుల ఎడం ఎంతో అంత కెమెరాని పైకెత్తి నొక్కాలి. రోలీఫ్లెక్స్‌లో గాజు కింద చట్రం దానంతటదే జరుగుతుంది గానీ, అది హద్దుల్నే సరిచేస్తుంది. ముందున్న చెంబు వెనకున్న పువ్వుని ఎంత మేర కప్పుతుందన్నది మాత్రం కింది లెన్సు చూసినట్టే పడుతుంది.

అడిగినవారు: ‘పరావర్తన కెమెరా’ అని పెట్టేయనా?

జవాబు: తప్పు కాదు గానీ బరువైన మాట. ‘జంట లెన్సుల రిఫ్లెక్స్ కెమెరా’ అని శీర్షిక పెట్టి, మొదటి పేరాలో ‘అద్దం పైకి మళ్ళించిన బొమ్మని చూసి ఫోకస్ చేసేది’ అని ఒక్కసారి చెప్పండి. లెన్సుని కటకం అనక్కర్లేదు.

మరో జవాబు: ఆ అద్దం గురించి ఒక హెచ్చరిక కూడా చేర్చండి. దాని పూత గాజుకి ముందువైపు ఉంటుంది. గుడ్డతో రుద్దితే పూత లేచిపోతుంది, రబ్బరు బుడ్డితో గాలి ఊదితే చాలు. పాడైందని మామూలు అద్దం కోసి పెడితే ఒక గీత రెండుగా కనిపిస్తుంది. పైగా వెలుగు గాజులోంచి వెళ్ళి రావాలి గనక దూరం మారిపోతుంది, పైన ఫోకస్ కుదిరినా ఫిల్ము మీద కుదరదు. పరీక్షకి వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఆనే పట్టాల మీద గరుకు గాజు ముక్కని గరుకు వైపు లెన్సుకేసి ఉండేలా పెట్టండి. షట్టరు ‘బి’లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే అమరిక) తెరిచి ఉంచి, అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే కన్నం) పూర్తిగా విప్పి, భూతద్దంతో చూడండి. ముందు ఫోకస్ గుండీని అనంతం గుర్తు దగ్గర పెట్టి, దూరపు స్తంభం కింది లెన్సులో పదునుగా ఉందో లేదో చూడాలి. ఉంటే కింది లెన్సు జోలికి పోకుండా, పై లెన్సునే మరలో కొద్దికొద్దిగా తిప్పి పై గాజులో స్తంభాన్ని పదునుకి తేవాలి.