350 స్మాల్ బ్లాక్‌కు అల్యూమినియం హెడ్లు: 180 సీసీ రన్నరా, 220 సీసీ రన్నరా?

ప్రశ్న

నా పాత షెవ్రోలే కారులోని 350 స్మాల్ బ్లాక్ ఇంజన్‌ను (350 ఘనపు అంగుళాల వి8) ఈమధ్యే విప్పి, రింగులు, బేరింగులు మార్చి మళ్లీ బిగించాను. పిస్టన్లు పాతవే, ఒక్కో దాని తలమీద దాదాపు 12 సీసీల గుంట ఉంది. హైడ్రాలిక్ ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ వాల్వును 0.450 అంగుళం ఎత్తుతుంది, ట్యాపెట్ 0.050 అంగుళం లేచిన దగ్గర కొలిస్తే డ్యురేషన్ (వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి) 214 డిగ్రీలు. గేర్‌బాక్స్ ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ కంపెనీదే, వెనుక ఇరుసు నిష్పత్తి 3.08. ఇప్పుడున్న పోత ఇనుప హెడ్లలో ఛాంబర్ (మిశ్రమం మండే గది) 76 సీసీలు. వీటిని తీసేసి అల్యూమినియం హెడ్లు వేద్దామని చూస్తే, ఒకే తయారీదారు దగ్గర 180 సీసీ, 220 సీసీ ఇన్‌టేక్ రన్నర్లతో (వాల్వ్ దాకా గాలి వెళ్లే దారులతో) రెండు రకాలు కనిపించాయి. ఫ్లో బెంచ్ అంకెలు (హెడ్ గుండా ఎంత గాలి వెళ్తుందో కొలిచినవి) పెద్దదానికే ఎక్కువగా ఉన్నాయి. బండి రోజూ రోడ్డు మీద తిరిగేదే అయినా, రేపు పెద్ద క్యామ్ వేసినప్పుడు మళ్లీ హెడ్లు కొనే పని ఉండదు కదా అని 220 వైపు మొగ్గుతున్నాను. ఈ ఆలోచన సరైనదేనా?

మొదటి సమాధానం

రేపటి క్యామ్ కోసం ఇవాళ హెడ్లు కొంటే, ఆ క్యామ్ వచ్చేదాకా బండి నడపడం విసుగు పుట్టిస్తుంది. ఇంజన్ పీల్చుకునే గాలి అంతే ఉండి, అది వెళ్లే దారి వెడల్పయితే వేగం తగ్గుతుంది. పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి బయలుదేరిన తర్వాత కూడా ఇన్‌టేక్ వాల్వ్ కొంతసేపు తెరిచే ఉంటుంది. ఆ కొద్ది సమయంలో సిలిండర్‌లోకి గాలిని నెట్టేది పోర్టులోని వేగమే. ఆ వేగం చాలకపోతే తక్కువ ఆర్‌పిఎమ్‌లో లోపలికి వచ్చిన గాలి కొంత వెనక్కి తన్నుకుపోతుంది, కార్బురేటర్ ఇంజన్‌లో పెట్రోలు తుంపరలు కూడా గోడలకు అంటుకుంటాయి. 3.08 ఇరుసుతో, కంపెనీ కన్వర్టర్‌తో మీ ఇంజన్ ఎక్కువ కాలం 3,000 ఆర్‌పిఎమ్ లోపే తిరుగుతుంది కాబట్టి, 220 రన్నర్ వల్ల మీరు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఫ్లో అంకెల విషయంలో ఇంకో మాట. వాటిని సాధారణంగా 28 అంగుళాల నీటి పీడన వ్యత్యాసం దగ్గర కొలుస్తారు. ప్రకటనలో పెద్దగా వేసేది 0.600 అంగుళం లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) దగ్గరి అంకెను. మీ వాల్వ్ అక్కడికి ఎన్నడూ చేరదు. పైగా తెరుచుకునేటప్పుడు ఒకసారి, మూసుకునేటప్పుడు ఒకసారి 0.200, 0.300 లిఫ్టులను దాటే వాల్వ్, గరిష్ఠ లిఫ్టును తాకేది ఒక్కసారే. అందుకని 0.200 నుంచి 0.400 వరకు ఉన్న వరుసలను మాత్రమే పోల్చండి. పరీక్షకు వాడిన బోరు కొలత కూడా అడగండి: బోరు పెద్దదైతే వాల్వుకు పక్కగోడ అడ్డం తగ్గి అంకె పెరుగుతుంది, మీ బ్లాకు బోరు మాత్రం 4 అంగుళాలే. నా ఓటు 180కే.

రెండో సమాధానం

రన్నర్ గురించి పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను, కానీ ఈ బండికి అంతకంటే పెద్ద ప్రశ్న ఛాంబర్ అని నా అభిప్రాయం. ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ దాదాపు 717 సీసీలు. 76 సీసీల ఛాంబర్, పిస్టన్‌లో 12, మామూలు 0.041 అంగుళం మందం గ్యాస్కెట్‌తో సుమారు 9, పిస్టన్ డెక్ (బ్లాకు పైతలం) కంటే 0.025 అంగుళం కిందికి ఆగితే మరో 5 కలిపితే 102 సీసీలు. అంటే మీ కంప్రెషన్ నిష్పత్తి ఇప్పుడు 8.0 దగ్గరే ఉంది. 64 సీసీల ఛాంబర్ ఉన్న హెడ్లు వేస్తే అది దాదాపు 9.0 అవుతుంది. అల్యూమినియం వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి, అదే పెట్రోలుతో ఇనుప హెడ్ల కంటే కాస్త ఎక్కువ కంప్రెషన్‌ను కూడా నాక్ (మిశ్రమం తనంతట తానే పేలడం) రాకుండా భరిస్తుంది. 76 సీసీల అల్యూమినియం హెడ్లు కొన్నవారు బండి పాతదానికంటే మందకొడిగా ఉందని వాపోతుంటే నాకు ఆశ్చర్యం అనిపించదు.

గ్యాస్కెట్‌ను 0.028 మందానికి మారిస్తే కంప్రెషన్ మరో 0.2 పెరిగి, పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య సందు కూడా 0.066 నుంచి 0.053కు తగ్గుతుంది. ఈ సందు 0.040 దగ్గర ఉంటే ఛాంబర్‌లోని మిశ్రమం బాగా కలిసి మండుతుంది. అయితే అంచనా మీద ఆధారపడకుండా డెక్‌ను డయల్ గేజ్‌తో కొలవండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. 64 సీసీ ఛాంబర్, 180 సీసీ రన్నర్ అని నిర్ణయించుకుంటున్నాను. స్ప్రింగులతో సహా బిగించి వచ్చే హెడ్లు తీసుకుంటే, నేరుగా ఇంజన్ మీద పెట్టి బిగించవచ్చా?

మూడో సమాధానం

నేరుగా మాత్రం పెట్టకండి. మొదట స్ప్రింగులు చూడండి: చాలా హెడ్లు రోలర్ క్యామ్ కోసం గట్టి స్ప్రింగులతో వస్తాయి, మీ ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ లోబులను అవి అరగదీసేస్తాయి. క్యామ్ తయారీదారు సూచించిన సీటు ఒత్తిడి (వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగు నొక్కే బలం) ఎంతో కనుక్కొని, దానికి తగ్గ స్ప్రింగులతోనే తెప్పించుకోండి.

రెండోది పుష్‌రాడ్ పొడవు, అంటే వాల్వును నొక్కే రాకర్ మీటను నెట్టే కడ్డీ పొడవు. నేను ఒకసారి పాత పుష్‌రాడ్లనే వాడేసి, రాకర్ మొన వాల్వ్ కాడ అంచుకు జరిగి తిరుగుతున్న సంగతి గమనించలేదు. కొన్ని వేల కిలోమీటర్లకే వాల్వ్ గైడ్లు వదులైపోయి పొగ మొదలైంది. తప్పు పూర్తిగా నాదే. సర్దుబాటు చేయగల కొలత పుష్‌రాడ్ ఒకటి తీసుకొని, వాల్వ్ కాడ మీద మార్కర్ పూసి ఇంజన్‌ను చేత్తో తిప్పితే, గీత మధ్యలో సన్నగా పడాలి. హెడ్‌లో గైడ్‌ప్లేట్లు (పుష్‌రాడ్లు పక్కకు జరగకుండా పట్టే పలకలు) ఉంటే గట్టిపరచిన పుష్‌రాడ్లే వాడాలి, సెల్ఫ్ అలైనింగ్ (వాల్వ్ మీద తామే కుదురుకునే) రాకర్లు వాడకూడదు.

ఈ ఇంజన్ హెడ్ బోల్టులు వాటర్ జాకెట్‌లోకి దిగుతాయి కాబట్టి మరలకు సీలెంట్ రాయకపోతే నీరు కారుతుంది. అల్యూమినియం మీద బోల్టు తల నేరుగా కూర్చోకుండా గట్టి వాషర్లు వేయండి. స్పార్క్ ప్లగ్ రీచ్ (మరల భాగం పొడవు) కూడా మారవచ్చు, పాత ప్లగ్గులు సరిపోతాయని అనుకోవద్దు. ప్లగ్గులు ఏటవాలుగా ఉన్న హెడ్లయితే మీ హెడర్ల (పొగ బయటికి పోయే) గొట్టాలకు తగులుతాయేమో ముందే చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

డెక్ కొలిచాను, 0.022 వచ్చింది. 0.028 గ్యాస్కెట్‌తో సందు 0.050 అవుతుంది. కొలత పుష్‌రాడ్ చేతికి రాగానే గీత ఎక్కడ పడిందో చెబుతాను.