వాన పడితే డయల్ అప్ (ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్) కలవడం లేదు, మోడెమ్ మార్చాలా?

హన్మకొండ నుంచి:
అన్నా, మాది విండోస్ 98 కంప్యూటర్, ఫోన్ లైనుకు కలిపే 56కె (సెకనుకు 56 కిలోబిట్ల) మోడెమ్ కార్డు. కనెక్ట్ అయిన కాసేపటికే తెగిపోతుంది. వాన పడితే అసలే కలవదు, 680 ఎర్రర్ చూపిస్తుంది. చెల్లె ఎంసెట్ ర్యాంకు చూడాలె, ఇంట్లో అందరికీ టెన్షన్. కొత్త మోడెమ్ కొనాలా?

కాజీపేట నుంచి:
అప్పుడే కొనకు తమ్ముడూ. 680 అంటే మోడెమ్‌కు డయల్ టోన్, అంటే ఫోన్ ఎత్తగానే వినిపించే మోత, అందలేదని. ఫోన్ ఎత్తి ఒక అంకె నొక్కి విను. టోన్ ఆగి నిశ్శబ్దం రావాలి. గరగర వస్తే లోపం లైనులోనే. మా ఇంటి బయట డబ్బాలో తీగలకు చిలుము పట్టింది. లైన్‌మన్ వాటిని కోసి కొత్తగా కలిపాకే బాగైంది. లోపలి గదిలో అదే లైనుకు కలిపిన ప్యారలల్ ఫోన్ ఉంటే పీకి చూడు. కాల్ వెయిటింగ్ ఉంటే ఆపించు, ఇంకో కాల్ వస్తే మోగే బీప్‌కు కూడా కనెక్షన్ తెగుతుంది.

కరీంనగర్ నుంచి:
లైను బాగయ్యేదాకా మోడెమ్‌ను 56కె పద్ధతి వి.90 నుంచి, నెమ్మదిగా నడిచే పాత పద్ధతి వి.34కి దించు. వేగం 33.6కె దాటదు గానీ కనెక్షన్ నిలబడుతుంది, ర్యాంకు పేజీకి అది చాలు. అలా దించే కమాండ్ ఒక్కో మోడెమ్‌కు ఒక్కో తీరు, దానితో వచ్చిన పుస్తకంలో చూడు. ఉరుములొస్తే మాత్రం ఫోన్ వైరు తీసెయ్, పిడుగు పడితే మోడెమ్ కాలిపోతుంది.

హన్మకొండ నుంచి:
ప్యారలల్ ఫోన్ తీసినా గరగర పోలేదన్నా. లైన్‌మన్ రేపు వస్తానన్నాడు.