కుట్టుమిషను ముందు వేసుకునే స్టూలుకు ఎత్తు ఎలా నిర్ణయించాలి?

కొయ్యపని (ప్రశ్న):
నేను చిన్న వడ్రంగి దుకాణం నడుపుతున్నాను. దగ్గరలోని కుట్టు శిక్షణ కేంద్రం వారు 20 స్టూళ్లు అడిగితే, ముందుగా 45 సెంటీమీటర్ల ఎత్తులో నాలుగు చేసి, పైన రెండంగుళాల స్పాంజి వేసి ఇచ్చాను. వారం తిరగకముందే, తొడల కింద అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఇద్దరు, నడుము లాగుతోందని మరొకరు చెప్పారు. పొడగరి అయిన టీచరు గారికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. అందరి సగటు ఎత్తు తీసి మిగిలిన 16 చేయమంటారా, లేక స్పాంజి మందం పెంచమంటారా?

కొలబద్ద:
స్పాంజి పెంచితే స్టూలు ఇంకా ఎత్తవుతుంది కదండీ. తిమ్మిరికి కారణం పాదాలు పూర్తిగా ఆనకపోవడమే. అప్పుడు కాళ్ల బరువంతా తొడ కింది అంచు మీద పడుతుంది. చెప్పులు వేసుకుని కూర్చున్న మనిషికి నేల నుంచి మోకాటి వెనక మడత దాకా ఎంత ఉందో కొలవండి, పెడల్ నేలకన్నా ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి. సగటు జోలికి మాత్రం పోవద్దు. 1950ల మొదట్లో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలు పరిశీలించగా, పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఒక్కరూ దొరకలేదు. కాళ్లకు వరుసగా రంధ్రాలు వేసి, మేకు మార్చి ఎత్తు సర్దుకునేలా చేయండి. ముందు అంచును గుండ్రంగా చెక్కడం మరవకండి.

నేతింటివాడు:
పై మాటకు ఒకటి చేరుస్తాను. కొలతలకన్నా ముందు, చేయి ఎన్నిసార్లు ఎటు కదులుతోందో ఒక పూట కూర్చుని చూడండి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు చేసింది అదే: ఒక్క చీరకు ఆసు పోయాలంటే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పేర్చే పని) వాళ్లమ్మ సుమారు 9,000 సార్లు చేయి ఆడించాల్సి వచ్చేది, భుజం నొప్పి అక్కడే పుట్టింది. కూర్చునే పీట మార్చి ఊరుకోకుండా ఆ కదలికనే యంత్రానికి అప్పగించి, 1999లో తయారైన దానికి అమ్మ పేరే పెట్టారు.

రవికెల అక్క:
పదిహేనేళ్లుగా కుడుతున్నాను తమ్ముడూ. మేము సూది వైపు ముందుకు వంగే కూర్చుంటాం కాబట్టి వీపు ఆనించే చెక్క పెట్టినా దాన్ని తాకం. నేను స్టూలు వెనక కాళ్ల కింద రెండు చెక్కముక్కలు పెట్టుకున్నాక, కూర్చునే పలక కాస్త ముందుకు వాలి, నడుము గూనిగా వంగడం తగ్గింది. ఎక్కువ వాలితే జారిపోతాం, వేలు మందం చాలు. ఎత్తు పెంచే ముందు మిషను బల్ల కింద మోకాళ్లు తగలకుండా చోటు ఉందో లేదో చూడు. నాకు కుడి మోకాలు మీద ఇప్పటికీ నల్లటి మచ్చ ఉంది.

కొయ్యపని:
రేపు టేపు పట్టుకుని వెళ్తానక్కా. ముందు ఒక్కటే చేసి, అందరికన్నా పొట్టిగా ఉన్న అమ్మాయిని దాని మీద ఒక పూటంతా కుట్టమంటాను.