ఎఫ్/8లో ఫోటోలు తెల్లగా మాడిపోతున్నాయి: తప్పు లెన్స్‌దా, నాదా?

తొలిక్లిక్:
నెల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఒకటి కొన్నాను. డీఎస్ఎల్ఆర్ బాడీ ఎప్పటినుంచో నా దగ్గర ఉన్నదే. గదిలో అపెర్చర్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరిచి ఎఫ్/1.8లో తీస్తే ముచ్చటగా వస్తున్నాయి. మొన్న ఎండలో పదిమందిని నిలబెట్టి, అందరూ ఫోకస్‌లో ఉండాలని రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 పెట్టి తీశాను. ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చాయి. మోడ్ అపెర్చర్ ప్రయారిటీ, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) 100, షట్టర్ కెమెరాయే 1/400 సెకను తీసుకుంది. పాత కిట్ లెన్స్ అమ్మేశాను, మార్చి చూసే వీలు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతరీలు:
నీతోనే మొదలుపెట్టు తమ్ముడూ. కోపం తెచ్చుకోకు, ఫిల్మ్ రోజుల నుంచి చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. ఫోటో వెలుగు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఎప్పుడో ప్లస్ రెండుకి తిప్పి మర్చిపోయి ఉంటావు. లేదా ఒక్క చోటే వెలుగు కొలిచే స్పాట్ మీటరింగ్‌లో పెట్టి ఎవరి నల్ల చొక్కా మీదో కొలిచి ఉంటావు. సెట్టింగ్స్ అన్నీ రీసెట్ చేసి మళ్లీ తియ్యి. ఈ కాలం పిల్లలకి ఫోటో చెడితే ముందు లెన్స్ మీదే అనుమానం.

మసకచిత్రం:
ఎగ్జిఫ్ (ఫోటోతో పాటు కెమెరా రాసే సెట్టింగ్స్ వివరాలు) పెట్టండి.

నీలినీడ:
పాతరీలు గారూ, ఆయన ఇచ్చిన అంకెలు ఒకసారి చూడండి. మంచి ఎండలో ఎఫ్/16 పెడితే షట్టర్ ఐఎస్ఓ అంకెకి దగ్గరగా ఉండాలన్నది మీ ఫిల్మ్ రోజుల సూత్రమే. ఐఎస్ఓ 100కి 1/100. ఎఫ్/8కి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) పైకి వెళితే 1/400. కెమెరా ఎంచుకున్నదీ అదే. అంటే మీటర్ సరిగ్గానే కొలిచింది. కాంపెన్సేషన్ ప్లస్ రెండులో ఉంటే షట్టర్ 1/100కి దిగి ఉండేది కదా. నల్ల చొక్కా మీద కొలిచినా అంతే, షట్టర్ నెమ్మదించేది.

తొలిక్లిక్ గారూ, డీఎస్ఎల్ఆర్‌లో మనం ఎఫ్/8 పెట్టినా వ్యూఫైండర్‌లో చూస్తున్నంతసేపూ లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. మీటర్ ఆ వెలుగునే కొలిచి, ఎఫ్/8కి ఎంత తగ్గుతుందో లెక్క కట్టుకుంటుంది. బటన్ నొక్కాకే రంధ్రాన్ని చిన్నది చేసే సన్నటి రేకులు, అంటే బ్లేడ్లు, ఎఫ్/8 దాకా మూసుకుంటాయి, ఫోటో అయ్యాక మళ్లీ తెరుచుకుంటాయి. ఆ రెప్పపాటులో బ్లేడ్లు మూసుకోకపోతే లెక్క సరైనదే, లోపలికి వచ్చిన వెలుగు మాత్రం ఎక్కువ. ఎఫ్/1.8లోనే నిలిచిపోతే ఎఫ్/8కి రావాల్సిన దానికి దాదాపు ఇరవై రెట్లు పడుతుంది. ఎఫ్/1.8లో తీసినప్పుడు మూసుకోవాల్సిన పనే లేదు కాబట్టి బాగా వస్తున్నాయి.

తొలిక్లిక్:
కాంపెన్సేషన్ సున్నాలోనే ఉంది, మీటరింగ్ మ్యాట్రిక్స్ (ఫ్రేమంతా కొలిచేది). అయినా రీసెట్ చేసి తీశాను, అదే తంతు. ఎగ్జిఫ్‌లో ఎఫ్/8, 1/400, ఐఎస్ఓ 100 అనే ఉంది.

పాతరీలు:
చూశావా. ఎగ్జిఫ్ ఎఫ్/8 అంటోంది. లెన్స్ మూసుకోకపోతే ఎఫ్/8 అని ఎందుకు రాస్తుంది?

నీలినీడ:
కెమెరా అడిగింది రాస్తుందండీ, లెన్స్ చేసింది కాదు. బ్లేడ్లు ఎక్కడ ఆగాయో బాడీకి తెలియదు. నిజం చెప్పేది ఫోటోనే. తొలిక్లిక్ గారూ, ఆ ఫోటోలో వెనక వరుస మనుషులు, వాళ్ల వెనక చెట్లు స్పష్టంగా ఉన్నాయా, మసకగానా?

తొలిక్లిక్:
తెల్లదనం గొడవలో అది గమనించనేలేదు. వెనక వరుస కాస్త మెత్తగా ఉంది. చెట్లయితే పూర్తిగా మసక.

మసకచిత్రం:
ఎఫ్/8లో అంత మసకా? అది ఎఫ్/8 కానే కాదు.

పాతరీలు:
ఫోకస్ ముందు వరుస మీద పడితే వెనక మెత్తబడదా? చేయి కదిలితే మసకబారదా? ఒక్క ఫోటో చూసి తీర్పులిచ్చేయడమేనా? సరే, మూసుకోవడం లేదనే అనుకుందాం. లెన్సే అని ఎలా తెలుసు? బాడీలో బ్లేడ్లని కదిపే లివర్ వంగి ఉండొచ్చుగా?

రెండోవెలుగు:
అసలు ఈ రోజుల్లో లివర్లు ఎక్కడున్నాయండీ, అంతా మోటార్లేగా.

నీలినీడ:
కెనాన్ 1987లో ఈఎఫ్ మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే అమరిక) తెచ్చినప్పటి నుంచి దానిలో లివర్ లేదు, బ్లేడ్లను తిప్పే మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంట్ లెన్సుల్లోనూ, పెంటాక్స్ కె మౌంట్ లెన్సుల్లోనూ చాలావాటికి లివరే. కాబట్టి బాడీ లివర్ అనుమానం కొట్టిపారేయలేం, అది ఒప్పుకుంటాను. ఇంకో లెన్స్ దొరికితే నిమిషంలో తేలుతుంది. ఈలోపు ఇలా చేయండి. వెలుగు మారని చోట గోడకి ఎదురుగా కెమెరాని కదలకుండా పెట్టి, మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/1.8కి 1/2000, ఎఫ్/2.8కి 1/800, ఎఫ్/4కి 1/400, ఎఫ్/5.6కి 1/200, ఎఫ్/8కి 1/100, ఎఫ్/11కి 1/50. ఐఎస్ఓ మార్చకండి, మొదటి ఫోటోకి సరిపోయేది పెట్టి అదే ఉంచండి. ఆరూ ఒకే వెలుగులో రావాలి.

తొలిక్లిక్:
1.8, 2.8 ఒకేలా ఉన్నాయి. 4లో కాస్త ఎక్కువ. 5.6లో గోడ మీది చారలు పోయాయి. 8 దాటాక ఫ్రేములో గోడే లేదు, తెల్ల కాగితం.

పాతరీలు:
ఈ పరీక్షే తప్పు. అపెర్చర్‌తో పాటు షట్టర్ కూడా మార్చావు. తెల్లబడ్డవన్నీ నెమ్మది షట్టర్‌వే. 1/100 అని చెప్పి షట్టర్ ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటోందేమో? అప్పుడు లెన్స్ తప్పేముంది? రెండు మార్చి ఒకదాని మీద నింద వేయకూడదు.

మసకచిత్రం:
పెద్దాయన మాటలో పాయింట్ ఉంది.

నీలినీడ:
ఉంది. ఎండలో 1/400కే మాడింది కాబట్టి నాకు అనుమానం లేదు, కానీ ఆయనకి ఉంది కదా. అపెర్చర్ 1.8 మీదే ఉంచి, సాయంత్రం వెలుగులో 1/2000కి ఐఎస్ఓ 1600, 1/1000కి 800, 1/500కి 400, అలా 1/125కి 100 దాకా తియ్యండి. షట్టర్ తప్పయితే ఇక్కడా బయటపడుతుంది.

తొలిక్లిక్:
తీశాను. ఐదూ ఒకేలా ఉన్నాయి. పై ఐఎస్ఓల్లో గింజలు తప్ప తేడా లేదు.

పాతరీలు:
అయినా కొత్తవాడు తీసిన పరీక్షకి విలువెంత? ముందు కెమెరా పట్టుకోవడం నేర్చుకుంటే...

నీలినీడ:
ఇదిగో, ఈ మాట కోసమే చూస్తున్నాను. నా లెన్స్‌కి ఇదే జబ్బు వచ్చి రెండేళ్లు నేనే తప్పు అనుకున్నాను. సర్వీసు కేంద్రానికి రెండుసార్లు పంపితే రెండుసార్లూ "లోపం లేదు" అని తిప్పి పంపారు. పూర్తిగా తెరిచి తీసిన పరీక్ష ఫోటో ఒకటి పెట్టారు, దానిలో లోపం ఎలా కనిపిస్తుంది? ఇక్కడికొచ్చి అడిగితే ఒకరు "ముందు మీటరింగ్ నేర్చుకోమ్మా" అన్నారు. నేర్చుకున్నాను. పుస్తకాలన్నీ తిరగేశాను. ప్రతి ఫోటోకీ మైనస్ మూడు కాంపెన్సేషన్ పెట్టుకుని తీశాను. కెమెరా అమ్మేద్దామనుకున్నాను కూడా. ఆ మాట అన్నది మీరే పాతరీలు గారూ.

మసకచిత్రం:
😶

పాతరీలు:
నాకు గుర్తులేదు. అని ఉంటాను, కాదనను. కానీ నా వైపూ వినండి. నా దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు ఇలాంటి చర్చలు చదివి మూడు లెన్సులు మార్చాడు, అప్పు చేసి మరీ. చివరికి చూస్తే కాంపెన్సేషన్ డయల్ సంచిలో ఒరుసుకుని తిరిగిపోతోంది. లెన్స్ తప్పు అని ఒక్క మాట అంటే కొత్తవాళ్లు వెళ్లి కొనేస్తారు. అందుకే ముందు మనిషినే అనుమానించమంటాను. దానికి ఖర్చు లేదు.

నీలినీడ:
ఖర్చు లేదా? నాకు రెండేళ్లు పోయాయండీ.

రెండోవెలుగు:
ఇద్దరూ కాస్త ఆగండి. తొలిక్లిక్ గారూ, మీ లెన్స్‌కి వెనక లివర్ ఉంటే విప్పి చూడండి. బయట ఉన్నప్పుడు ఆ రకం లెన్సుల్లో బ్లేడ్లు సాధారణంగా మూసుకునే ఉంటాయి. అపెర్చర్ రింగ్ ఉంటే చిన్న రంధ్రం అంకె మీద పెట్టండి. లివర్‌ని వేలితో మెల్లగా తోసి వదిలితే టక్కున మూసుకోవాలి.

తొలిక్లిక్:
టక్కున కాదు, ఆవులించినట్టు మూసుకుంటున్నాయి. మధ్యలో ఓసారి ఆగాయి కూడా. టార్చ్ వేసి చూస్తే బ్లేడ్ల మీద తడి మెరుపు ఉంది. పదిసార్లు ఆడించాక కాస్త చురుకయ్యాయి, అరగంట వదిలేస్తే మళ్లీ మామూలే.

పాతరీలు:
నూనె. ఫోకస్ మర లోపలి గ్రీజు పాతబడి, వేడికి దానిలోని నూనె విడిపోయి బ్లేడ్ల మీదికి పాకుతుంది. సన్నటి రేకుల మధ్య ఆ నూనె చేరితే స్ప్రింగ్ బలం చాలదు, చలిలో ఇంకా మొండికేస్తాయి. సరే, లెన్సే. పైనుంచి ద్రావకాలు పోయకు, నూనె కరిగి లోపలి అద్దాల మీదికి చేరుతుంది. విప్పి, బ్లేడ్లు తీసి, పొడిగా తుడవాలి, అది మెకానిక్ పని. వాటికి మళ్లీ నూనె రాయనివ్వకు, బ్లేడ్లు పొడిగానే తిరగాలి.

తొలిక్లిక్:
అమ్మినాయనకి ఫోన్ చేశాను. "నేనెప్పుడూ 1.8లో ముఖాలు తప్ప తీయలేదు, నాకు తెలియదు" అంటున్నాడు.

పాతరీలు:
నమ్మేశావా? తెలిసే అంటగట్టాడు. డబ్బు వెనక్కి అడుగు.

నీలినీడ:
నేను నమ్ముతాను. తెరిచి తీసినంతకాలం ఈ లోపం కనిపించదు. బాగుచేయించే ఖర్చులో సగం అడగండి, చాలు.

పాతరీలు:
ఇప్పుడు మనిషిని అనుమానించొద్దంటారు, అంతేనా?

నీలినీడ:
అంకెలు చూశాక అనుమానించమంటాను.

తొలిక్లిక్:
సగం ఇస్తానన్నాడు. మెకానిక్‌కి ఇచ్చేదాకా ఎండలో 1.8తోనే, షట్టర్ 1/4000 పెడితే ఎలా ఉంటుంది?

పాతరీలు:
ఎండలో ఎఫ్/1.8కి ఐఎస్ఓ 100లో దాదాపు 1/8000 కావాలి. నీడలోకి తీసుకెళ్లు వాళ్లని.