పోలో కారుకి స్పేసర్లు వేస్తే బోల్టులు ఎంత పొడుగుండాల?

అన్నా మాది తిరుపతి, పోలో వెనక చక్రాలకి 10 ఎంఎం స్పేసర్లు (చక్రానికీ హబ్బుకీ మధ్య పెట్టే బిళ్లలు) తెచ్చినా, షాపాయన పాత బోల్టులే చాలంటాండాడు కానీ చేత్తో తిప్పితే మూడు చుట్లకే బిగుసుకుపోయినాయి, ఇంట్లోవాళ్లతో కొండకి పోయే బండి, భయంగా ఉంది

> ఆ బోల్టులతో ఘాట్ ఎక్కద్దు తమ్ముడూ. స్పేసర్ ఎంత మందమో బోల్టు అంత పొడుగు పెరగాల, 27 ఉంటే 37. దీని మర ఎం14x1.5 (14 ఎంఎం లావు, చుట్టుకి 1.5 ఎంఎం ముందుకి), అంటే 10 ఎంఎంకి దాదాపు ఏడు చుట్లు పోయినట్టే. కనీసం ఏడెనిమిది చుట్లు పట్టాల్సిందే

> పొడవొక్కటే కాదు బ్రో, తల కింద షేపు చూడు. కంపెనీ చక్రానికి గుండ్రంగా ఉంటాది, బయట కొన్న అలాయ్‌లకి ఎక్కువగా 60 డిగ్రీల కోను. నేను చిత్తూరులో తెలీక గుండ్రం గుంతలో కోను బోల్టులు వేయించుకున్నా, తర్వాత విప్పితే రంధ్రం అంచున సన్నగా మెరిసే గీత, అంతమేరే ఆనింది, చూసి ఒళ్లు జలదరించింది

> మరీ పొడుగైనా వెనక బ్రేకు డ్రమ్ములో తగులుద్ది, జాకీ మీదే చక్రం చేత్తో తిప్పి గరగరమంటాదేమో విను. టార్క్ రెంచితో (బిగువు కొలిచి బిగించే పానా) 120 న్యూటన్ మీటర్లకి బిగించు, 50-100 కిలోమీటర్లు తిరిగినాక మళ్లీ చూడు. పాతవి పారేయొద్దు, స్పేసర్ తీస్తే అవే కావాల

> సరే అన్నా, మావి కంపెనీ చక్రాలే, గుండ్రం తలవి 37 చెప్తా. అంతవరకు స్పేసర్లు తీసేస్తాండా