గాలి లేస్తే చాలు, చెవి రేకుల మీదికే పోతోంది

కుట్టుమిషన్, పర్లాకిమిడి:

నమస్కారం. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వంటగది మీది రెండు రేకులు లేచిపోయాయి. దసరా ముందు రోజులు. బల్ల మీద పద్నాలుగు జాకెట్ల గుడ్డలు కత్తిరించి ఉన్నాయి. వాటిని బియ్యం డ్రమ్ములో కుక్కి, పాపను మంచం కిందికి తోసి, నేనూ మా ఆయనా తలుపుకు వీపు ఆనించి తెల్లారేదాకా కూర్చున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత రేకులు కొత్తవి వేయించాం.

ఇన్నేళ్ళయింది. ఇప్పటికీ గాలి కాస్త లేస్తే నా చెవి పైకే పోతుంది. మిషన్ నడుస్తున్నా, టీవీ మోగుతున్నా, రేకు టక్కుమన్న చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. మొన్న ఒకరి జాకెట్‌కి కుడి చెయ్యి తీసుకెళ్ళి ఎడమవైపు అతికించేశాను. పక్కనే పడుకున్న మా ఆయనకు ఆ చప్పుడే వినపడదట. ఫ్యాను దానికంటే గట్టిగా మోగుతుంది, అది నన్నేమీ చేయదు. నా చెవులు ఎక్కువ వింటున్నాయా? మెదడులో ఏదైనా పాడైందా? ఈ మధ్య పాప కూడా నా ముఖం చూసి పైకి చూస్తోంది. అందుకే అడుగుతున్నాను.

సైకాలజీ చదువుతున్న అమ్మాయి, బరంపురం:

అక్కా, చెవుల్లో తేడా లేదు. ఆ చప్పుడు బావగారి చెవిలోనూ పడుతుంది, మెదడు దాన్ని వదిలేస్తుంది. మీది వదలట్లేదు. కణతల లోపల, లోతుగా, చెరోవైపు బాదంగింజ లాంటి భాగం ఉంటుంది. అమిగ్డాలా అంటారు. ఏది ప్రమాదమో పసిగట్టడంలో దానికి పెద్ద పని ఉంది. జోసెఫ్ లెడూ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పనిలో, శబ్దం అక్కడికి రెండు దారుల్లో చేరుతుందని తేలింది. ఒకటి దగ్గరి దారి, వివరం తక్కువ. రెండోది మెదడు పైపొర మీదుగా వెళ్తుంది, ఆలస్యమైనా వివరంగా చెబుతుంది. "ఇది మామూలు గాలే" అని మీకు అర్థమయ్యేలోపే గుండె దడ మొదలవడం అందుకే కావచ్చు.

ఫ్యాను సంగతి మీరు భలే గమనించారు. 2007లో ఒక పరిశోధన వచ్చింది. ఏ అర్థమూ లేని చిన్న శబ్దాలను ఒకసారి సమానమైన వ్యవధిలో, ఇంకోసారి ఎప్పుడు వస్తాయో తెలియకుండా వినిపించారు. ఎప్పుడొస్తాయో తెలియనప్పుడే చిట్టెలుకల్లోనూ మనుషుల్లోనూ అమిగ్డాలా ఎక్కువ పనిచేసింది. ఫ్యానుకు ఒక లెక్క ఉంది. రేకుకు లేదు.

ఇంకొకటి. 1986లో మాక్‌లౌడ్, మాథ్యూస్, టాటా అనే ముగ్గురు తెర మీద ఒక భయం మాట, ఒక మామూలు మాట చూపించి, అవి పోగానే ఒకదాని చోట చుక్క పెట్టారు. ఆందోళన జబ్బు ఉన్నవాళ్ళు భయం మాట ఉన్న చోటే చుక్కను ముందు పట్టుకున్నారు. వాళ్ళ ధ్యాస అప్పటికే అక్కడుంది మరి. అక్కడికి పోవడం కంటే అక్కడి నుంచి వెనక్కి రాలేకపోవడమే అసలు కష్టమని తర్వాత ఎలేన్ ఫాక్స్ బృందం చూపించింది. మీ జాకెట్ చెయ్యి తారుమారైంది అక్కడే అనిపిస్తోంది. ఈ చుక్కల పరీక్ష ఫోన్లో చేసుకోకండి, ఒక్క మనిషిని కొలవడానికి అది నిలకడైనది కాదు.

పాడవడం కాదక్కా, నేర్చుకుంది. భయం తగ్గాక ఆ ధ్యాస కూడా సడలుతుంది. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, 2022 నుంచి నడుస్తోంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. పిల్లలు కొత్త చప్పుడు వింటే ముందు అమ్మ ముఖమే చూస్తారు, కాబట్టి పాప కోసమైనా చేయండి.

పేట మనిషి, గోపాలపూర్:

చెల్లమ్మా, వేటకు పోయేవాళ్ళం మేం. గాలి మీద చెవి లేకపోతే మాకు బతుకే లేదు. 2013లో ఫైలిన్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. భయపడి కదిలాం కాబట్టే మా పేటలో మనుషులు మిగిలారు. ఆ భయాన్ని తప్పు అనుకోకు.

నన్ను తినేసింది వేరు. తర్వాత నాలుగేళ్ళు ఫోన్లో మబ్బుల బొమ్మ పది నిమిషాలకోసారి చూసేవాణ్ణి. చూడగానే కుదుట, ఫోన్ కింద పెట్టగానే టెన్షన్. డాక్టరమ్మ ఒక మాట చెప్పింది, చూసిన ప్రతిసారీ "చూశాను కాబట్టి బతికాను" అని మెదడు రాసుకుంటుందని. అప్పటి నుంచి వాతావరణ శాఖ బులెటిన్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నారింజ రంగు హెచ్చరిక వస్తే పడవ పైకి లాగుతాం, రాకపోతే లేదు. మొదటి వారం చేతులు ఊరుకోలేదు. మూడో వారానికి రాత్రి నిద్ర పట్టింది.

కుట్టుమిషన్, పర్లాకిమిడి:

ఇద్దరికీ దండం. నిన్న మా ఆయన్ని నిచ్చెన ఎక్కించాను. ఒక బోల్టుకు వాషరు లేదు, వేయించాం. చప్పుడు సగం తగ్గింది. సాయంత్రం మహేంద్రతనయ నది వైపు నుంచి గాలి లేస్తే మళ్ళీ పైకి చూశాను, పాప నన్ను చూసింది. "రేకు ఊగుతోంది, బోల్టు గట్టిగానే ఉందిలే" అని పైకే చెప్పాను. అది పుస్తకంలోకి తల దించేసింది. నాకు ఇంకో పావుగంట పట్టింది, కానీ అంచు కుట్టు తిన్నగానే వచ్చింది. 14416కి రేపు మధ్యాహ్నం చేస్తాను.

అన్నా, బులెటిన్ సాయంత్రం ఎన్ని గంటలకు చూస్తావు? దీపం పెట్టే ముందా, తర్వాతా?