ఆంటిగొనీ నాటకంలో రాజకీయం తీసేస్తే ఏం మిగులుతుంది?

కాలవగట్టు:
పాలకొల్లు దగ్గర పల్లెటూరు మాది. నాటక పరిషత్తు పోటీల కోసం పాతకాలం గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ఆంటిగొనీని గంటంపావు నాటికగా కుదించుకున్నాం. కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: థీబ్స్ సింహాసనం కోసం అన్నదమ్ములు కొట్టుకుని ఒకరి చేతిలో ఒకరు పోతారు, మేనమామ క్రియాన్ రాజవుతాడు. నగరం తరఫున పోరాడిన ఎటియోక్లీస్‌కి లాంఛనాలతో అంత్యక్రియలు, పరాయి సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చిన పాలినైసీస్ శవం మాత్రం కుక్కలకీ గద్దలకీ, ఎవరైనా పూడిస్తే చావే. చెల్లెలు ఆంటిగొనీ వెళ్ళి పిడికెడు మట్టి చల్లుతుంది.

మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికల వేడి ఇంకా చల్లారలేదు. ఒకే పెరట్లో ఉండే అన్నదమ్ములు చెరో పార్టీలో తిరిగి మాటలు మానేశారు. అందుకని మా నాటకాల పెద్దాయన "రాజకీయం తీసేయండిరా, అన్నాచెల్లెళ్ళ మమకారం ఉంచండి చాలు" అంటున్నారు. క్రియాన్ వేసే కుర్రాడేమో సినిమా విలన్‌లా అరుస్తున్నాడు. రెండూ తప్పేనని నా మనసుకి తెలుస్తోంది గానీ ఎందుకో నోటితో చెప్పలేకపోతున్నా.

అమలాపురం మాస్టారు:
బాబూ, ముందు క్రియాన్ సంగతి. నిన్నటిదాకా కోట గుమ్మం దగ్గర యుద్ధం, ఈరోజే గద్దెనెక్కాడు. సొంత మేనల్లుడని వదిలేస్తే రేపు తన మాట ఎవరు వింటారన్నది అతని భయం. అది విలన్ భయం కాదు, కొత్తగా అధికారం చేతికొచ్చిన ఎవరికైనా పుట్టేదే. సోఫోక్లీస్ ఉన్న ఏథెన్స్‌లో కూడా ద్రోహిని తమ గడ్డలో పూడ్చనిచ్చేవారు కాదు, కానీ పొలిమేర దాటించి పూడ్చుకోవచ్చు. క్రియాన్ ఆ దారి కూడా మూసేశాడు. చూసేవాళ్ళు మొదట్లో అతనికి తలూపి, తర్వాత ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి. మొదటినుంచీ అరిస్తే తలూపేదెవరు?

ఇంకోటి, అక్కడ నాటకాలాడేది నగరం మొత్తం జరుపుకునే డయనైసస్ దేవుడి పండగలో. నాటకాలకి ముందు అదే రంగస్థలం మీద మిత్రరాజ్యాలు కట్టిన కప్పం వెండిని జనానికి చూపించేవారు, యుద్ధంలో తండ్రులు పోయిన పిల్లల్ని కవచాలు తొడిగి నడిపించేవారు. ఈ నాటకం రాసిన సోఫోక్లీసే క్రీ.పూ. 441 ప్రాంతంలో సేనానిగా ఎన్నికై సామోస్ ద్వీపం మీదికి యుద్ధానికి వెళ్ళాడు. అలాంటి మనిషి రాసినదాంట్లోంచి రాజకీయం ఎలా తీస్తావు?

లంకపిల్ల:
తమ్ముడూ, నేను కాలేజీలో ఆంటిగొనీ చెల్లెలు ఇస్మీనీ వేషం వేశాను. మీ పెద్దాయన మమకారం అంటున్నారే, ఈ కథలో రాజకీయం నడిచేదే చుట్టరికాల మీద. ఆంటిగొనీకి నిశ్చయమైన వరుడు హైమన్, క్రియాన్ కొడుకు. అంటే మేనరికం! మన జనానికి వేరే విప్పి చెప్పక్కర్లేదు. ఆ రాజు శిక్ష వేసింది తన మేనకోడలికి, కాబోయే కోడలికి. మనవాళ్ళు పడక సీనులో కృష్ణుడు దుర్యోధనుణ్ణి బావా అని పలకరించేది చూసి పెరిగినవాళ్ళేగా, వరస కలిపి పిలుస్తూనే యుద్ధానికి లెక్కలు వేసుకోవడం వాళ్ళకి కొత్త కాదు.

హైమన్ సీన్ మాత్రం ఒక్క ముక్క కూడా కొయ్యకండి. తండ్రి దగ్గర గొంతెత్తకుండా, నీ ముఖం చూసి భయపడి జనం నీ ఎదుట అనని మాటలు చీకట్లో అనుకుంటున్నారు, ఆ పిల్ల కోసం ఊరంతా ఏడుస్తోంది అంటాడు. వరదలో ఒంగిన చెట్టు కొమ్మలు దక్కించుకుంటుంది, ఎదురు నిలబడ్డది వేళ్ళతో సహా పోతుంది అని కూడా అంటాడు. 1986 గోదావరి వరద చూసినవాళ్ళు ముందు వరసలో ఉంటారు, ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి చాలు.

తెరవెనక:
మాస్టారు చెప్పిందానికి ఇంకోటి కలుపుతున్నా. గుడ్డి జోస్యుడు టైరీసియస్ హెచ్చరించాక క్రియాన్ దిగొస్తాడు. నగర పెద్దలు వరసగా చెప్తారు: ముందు నువ్వు బతికుండగానే మూయించిన గుహలోంచి పిల్లని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అని. అతను తిరగేసి చేస్తాడు. ముందు శవం దగ్గరికెళ్ళి, కుక్కలు పీకగా మిగిలినదాన్ని కడిగి, కాల్చి, మట్టిదిబ్బ పోసి, అప్పుడు గుహకి పోతాడు. అప్పటికే ఆ పిల్ల ఉరేసుకుంది. హైమన్ తండ్రి మీద కత్తి దూసి, గురి తప్పి, అదే కత్తితో తను పోతాడు. ఆ కబురు విని తల్లి యూరిడిసీ కూడా. నగరానికి పట్టిన మైల ముందు, ఇంటి పిల్ల తర్వాత అనుకున్నాడు చూడండి, విషాదమంతా ఆ వరసలోనే ఉంది. రాజకీయం తీసేస్తే ఆ ఆలస్యానికి కారణమే ఉండదు, పిల్ల ఊరికే చచ్చిపోయినట్టుంటుంది.

కాలవగట్టు:
మాస్టారండీ, అక్కా, అందరికీ దండాలు. రాత్రి రిహార్సల్లో ఇవన్నీ చదివి వినిపించాను. క్రియాన్ కుర్రాడు మొదటి ప్రసంగం మామూలు గొంతుతో, ఊరిపెద్ద మంచి చెప్తున్నట్టు చెప్పాడు, చలేసింది. ఆంటిగొనీ వేసే అమ్మాయి ఎండిన కాలవ ఒండ్రు పొడి చేసి తెచ్చింది. వేళ్ళ సందుల్లోంచి అది జారుతుంటే హార్మోనియం వాయించే ఆయన వాయించడం ఆపేశారు. పెద్దాయన మాత్రం చివర్లో ఒక్క మాటే అన్నారు, "ఆ శవం కడిగే ముక్క దూత చేత పూర్తిగా చెప్పించండి" అని. దాంతో నాటిక ఏడు నిమిషాలు పెరిగింది. హైమన్ సీన్ ముట్టుకోను, ఇస్మీనీ మొదటి సీన్లో కొంత తగ్గించొచ్చా అక్కా?